రెండు నిమిషాల మొగుడు

కృపాకుమారికి పెళ్లయిందన్న సంగతి ఆమె నోరు విప్పిన మొదటి రెండు నిమిషాల్లోనే నాకు తెలిసిపోయింది. అదీ ఇంగ్లీషులో.

2004 ఎండాకాలం. అనంతపురంలో ఓ మేడ మీద నరసింహులు సార్ కోచింగ్ సెంటర్. విదేశాలకు వెళ్లాలనుకునే నర్సులకు ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షకు తర్ఫీదు ఇచ్చేవాళ్లం. వాళ్లచేత స్పీకింగ్, లిజనింగ్ ప్రాక్టీసు చేయించడం నా పని. నా పేరు జయచంద్ర, ఊరు బెళుగుప్ప.

కృపది కంబదూరు. ఓ ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. స్కోరు వస్తే రెండేళ్లు ఐర్లాండులో ఉద్యోగం.

స్పీకింగులో కార్డు మీదున్న విషయం గురించి రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడాలి. మొదటిరోజు నేనిచ్చిన కార్డులో "మీరు చూసిన ఒక పెళ్లి గురించి చెప్పండి" అని ఉంది. ఆమె తన పెళ్లే చెప్పింది. మొగుడు పొడగరట, లెక్కల మాస్టరట, తాళి కట్టేటప్పుడు చేతులు వణికాయట. రెండు నిమిషాలైందని గంట కొట్టినా ఆపలేదు. నవ్వితే చెంప మీద సొట్ట పడింది. ఆ లెక్కల మాస్టరు మీద నాకు ఒళ్లు మండింది.

నాలుగోరోజు కార్డు "మీకు నచ్చిన వంట". అందులోకీ మొగుడు వచ్చాడు. ఈసారి పొట్టివాడు, లారీ డ్రైవరు.

"కృపా, సోమవారం మీ ఆయన లెక్కల మాస్టరు గదా?"

"అవునా సార్? మానేసినాడేమో."

"పొడుగని గూడా చెప్పినావే?"

"ఎండకు వాడిపోయినాడు సార్. మన ఊరి ఎండ మీకు తెలీదా?"

క్లాసంతా ఘొల్లుమంది. నాకు మాత్రం అనుమానం పట్టుకుంది. పెళ్లయిందా, కాలేదా? మెట్టెలు చూద్దామంటే కాళ్లకు తెల్లబూట్లు. తాళి చూద్దామంటే మెడ దాకా యూనిఫాం కాలరు. ఆమెతో వచ్చే అక్కమ్మ అనే నర్సును మెల్లగా అడిగి చూశాను.

"ఆ ప్రశ్న పరీక్షలో వస్తాదా సార్?" అంది అక్కమ్మ, ముఖం మీదే.

నిజానికి తప్పు మాదే. "ఆడ నిజానికి మార్కుల్లేవమ్మా, ఆగకుండా మాట్లాడినదానికే మార్కులు. కావాలంటే అబద్ధం చెప్పండి" అని నరసింహులు సార్ అందరికీ నూరిపోసేవాడు. అంత నున్నగా అబద్ధమాడే పిల్ల ఎక్కడ నిజం చెబుతుందో ఎలా తెలుస్తుంది?

కార్డులతోనే వల పన్నాను. "మీ ఇంట్లో జరిగిన గొడవ" ఇచ్చాను. "మీరు ఎదురుచూసే ఉత్తరం" ఇచ్చాను. ప్రతిసారీ కొత్త మొగుడే. ఒకడికి బెంగళూరులో బేకరీ ఉందట. అతని చొక్కాకు అంటిన పిండి దగ్గరనుంచీ చెప్పింది. ఇది అబద్ధం కాదు, వీడే అసలువాడు అనిపించి, ఆ వారమంతా టీతో బన్ను తినబుద్ధి కాలేదు.

లిజనింగ్ మరీ దారుణం. కేసెట్లో దొరసాని గబగబా చెప్పే ఫోన్ నంబరు ఒక్కసారి విని తప్పు లేకుండా రాసేది. పక్కనుంచి నేను "టీ తాగుదామా?" అంటే మాత్రం వినబడేది కాదు.

శనివారం బెంగళూరులో పరీక్ష. గురువారం సాయంత్రం చివరి క్లాసులో నాలుగు చినుకులు పడ్డాయి. మాకు అదే వాన. చూడ్డానికి అందరూ వరండాలోకి పరిగెత్తారు. గదిలో మేమిద్దరమే మిగిలాం. ఇప్పుడు తేల్చుకోకపోతే ఇక లేదని, నేనే ఓ కార్డు రాసి ఇచ్చాను. "మీరు పెళ్లి చేసుకోవాలనుకునే మనిషి."

చదివి నాకేసి ఓసారి చూసింది. టేప్ రికార్డర్ నొక్కాను.

"అతను సన్నగా ఉంటాడు," అంది ఇంగ్లీషులో. "అతనిది బెళుగుప్ప. అతను..."

ఆగిపోయింది. ఇరవై సెకన్లు. ముప్ఫై. టేపు తిరుగుతూనే ఉంది.

"ఏమైంది? బేకరీ ఆయన గురించి గడగడా చెప్తివే?"

"ఆయన లేడు సార్. లేనోళ్ల గురించి ఎంతసేపైనా చెప్తా. ఎదురుగా ఉండేవాళ్ల గురించి చెప్పాలంటే నోరు రాలేదు."

టేపు ఆపేశాను. అయినా బుద్ధి పోనిచ్చుకున్నానా?

"ఇది గూడా ప్రాక్టీసేనా?"

ఆమెకు కోపం వచ్చింది. "అనుమానం మీకొక్కరికేనా? నాకూ ఉండాది. దినామూ ఇంతమందికి అబద్ధాలు నేర్పిస్తాండారు. రెండేండ్లు నాకోసం కాచుకొనుంటారని యాడుంది నమ్మకం? రేప్పొద్దున మా నాయన నన్ను బెంగళూరికి పిల్చుకపోతాడు. బస్టాండుకొచ్చి మీ మనసులో మాట ఆయన ముందర చెప్పండి."

పొద్దున్నే వెళ్లాను. వాళ్ల నాయన యేసన్న శెనక్కాయ చేలల్లో కూలి చేసే మనిషి. తలకు తువ్వాలు, చంకలో కూతురి సంచి. ఏం చెప్పాలో దారిపొడవునా తయారుచేసుకున్నాను. తీరా ఎదుట నిలబడితే, ఆయన్ని అన్నా అనాలో మామా అనాలో కూడా తోచలేదు.

"నేను... మీ కృపను..."

అంతే. మందికి మాటలు నేర్పేవాణ్ణి, అక్కడే ఆగిపోయాను.

యేసన్న కళ్లు చికిలించాడు. "ఏమ్మా, ఇంగ్లీషు చెప్పే సారంటివి. ఈయప్పకు తెలుగే రాకుండాదే? మోసగాడేమో చూసుకో."

"గడగడా చెప్పింటే మోసమే నాయనా," అంది కృప. కళ్లలో నీళ్లు, చెంప మీద సొట్ట. "ఆగిపోయినాడు గదా. నిజమే చెప్తాండాడు."

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూసి, సంచి నా చేతిలో పెట్టాడు.

"ముందు పాప పరీక్ష కానీ. ఆమె ఆ దేశంలో ఉన్నన్ని దినాలూ నెలకొకసారి కంబదూరికొచ్చి నాకు కనపడు. నువ్వు యాడికీ పోలేదని నాకు తెలియాల. వస్తావా?"

"వస్తాను మామా," అన్నాను.

ఆ ఒక్క మాట మాత్రం ఎక్కడా ఆగకుండా వచ్చింది.