చిజురు వడ్డించిన సూప్

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు. ఆ బడిలో పిల్లలే వంతులవారీగా వడ్డిస్తారు. ఆ వారం క్లాసుకి వడ్డించే వంతు కొతోనెది, చిజురుది. ఇద్దరూ తెల్ల ఏప్రన్లు, టోపీలు వేసుకుని నిలబడ్డారు. కొతోనె అన్నం పెడుతోంది. చిజురు సోయా ముద్దతో కాచి, టోఫు ముక్కలు వేసిన మిసో సూప్ పోస్తోంది.

చిజురు చెయ్యి చెప్పిన మాట వినదు. మెదడు పంపే కబురు చేతికి సరిగా అందదని డాక్టరు చెప్పారు. చెయ్యి ఊగకుండా మణికట్టుకి బరువు పట్టీ కట్టుకున్నా, గిన్నె దగ్గరికి వచ్చేసరికి గరిటె అటూ ఇటూ ఊగింది. సూప్ బల్ల మీద ఒలికింది.

అందరికీ వడ్డించేదాకా ఎవరూ తినకూడదు. వరుసలో సణుగుడు మొదలైంది.

"త్వరగా కానివ్వు! కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి," అన్నాడు షుంపే.

కొతోనె ఆగలేకపోయింది. "ఇలా ఇవ్వవే, నేను పోస్తాలే," అని గరిటె లాక్కుని చకచకా వడ్డించేసింది. స్నేహితురాలికి మేలు చేశానని మురిసిపోయింది కూడా!

చిజురు ఆ రోజు సూప్ ముట్టుకోలేదు. పట్టీ విప్పి డెస్కులో పడేసింది. బడి వదలగానే ఒక్కతే వెళ్ళిపోయింది.

కొతోనె ఆ పట్టీ తీసుకుని, చిజురు రోజూ వెళ్ళే థెరపీ సెంటరుకి పరుగెత్తింది. అక్కడ చిజురు నీళ్ళ బకెట్ ముందు కూర్చుని ఉంది. మోచెయ్యి ఒంటికి ఆనించి, గరిటెతో నీళ్ళు తీసి గిన్నెలో పోస్తోంది. సగం నీళ్ళు ఒళ్ళోనే పడుతున్నాయి. గౌను తడిసి ముద్దయింది. అయినా మళ్ళీ ముంచింది.

"క్లాసుకి తన చేత్తో సూప్ పొయ్యాలని చలికాలం నుంచీ ఇదే పని," అన్నారు థెరపిస్టు ఓగిసో గారు. "మొదట్లో గిన్నెలో చుక్క కూడా పడేది కాదమ్మా."

కొతోనె చిజురు పక్కన కూర్చుంది. "సాయం చేద్దామనే కదే..."

"నేనడిగానా?" చిజురు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకు కాస్త టైం పడుతుంది, అంతే. నువ్వే ఆగకపోతే ఇంకెవరు ఆగుతారే?"

కొతోనె తలదించుకుంది. పట్టీ తనే కట్టబోయి, ఆగి, చిజురు అరచేతిలో పెట్టింది. "సారీనే," అంది.

మర్నాడూ వరుస సణిగింది. కొతోనె చెయ్యి గరిటె వైపు వెళ్ళబోయింది. చటుక్కున ఆ చేతిని ఏప్రన్ జేబులో దూర్చేసుకుంది.

"ఆకలి మాకూ ఉంది షుంపే, కాసేపు ఆగు," అంది.

చిజురు మోచెయ్యి ఒంటికి ఆనించింది. సూప్ గిన్నెల్లో పడింది. బల్ల మీదా పడింది. ఎలాగైతేనేం, వరుస మొత్తం అయింది. చివరికి కొతోనె తన గిన్నె చాపింది. అప్పటికి సూప్ గోరువెచ్చగా అయిపోయింది. కాస్త ఆమె వేళ్ళ మీద ఒలికింది.

"అయ్యో! కాలిందా?" అంది చిజురు.

"లేదులే. నాకు ఇంకో టోఫు ముక్క కావాలి."

చిజురు నవ్వి, గరిటె మళ్ళీ ముంచింది. గరిటె ఊగుతూ వస్తోంది. కొతోనె గిన్నె పట్టుకుని, కదలకుండా నిలబడింది.