రేవులో రమ్మన్న చెయ్యి

మా అల్లుడి కారులో ముందు సీట్లో కూర్చోగానే నేను చేసే మొదటి పని, నా వైపు అద్దాన్ని నాకు కనబడేలా తిప్పుకోవడం. నడిపేది అతను, అద్దం తిప్పుకునేది నేను.

"మామయ్యా, అది నాకోసం పెట్టిన అద్దం" అంటాడు.

"నీకు టీవీ ఉందిగా" అంటాను.

టీవీ అంటే స్టీరింగు పక్కనుండే తెర. రివర్సు గేరు వేయగానే వెనక కెమెరా పనిచేసి, బండి వెనకున్నదంతా అందులో కనిపిస్తుంది. దాని మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గీతలు. ఎరుపు దగ్గరికి ఏదైనా వస్తే పీపీ అని మొత్తుకుంటుంది. కొన్న కొత్తలో మా అల్లుడు ఊరికే వీధి చివరికి పోయి రివర్సులో వచ్చేవాడు, ఆ తెర చూసుకోవడానికి.

నేను కాలేజీలో భౌతికశాస్త్రం చదివాను. నా తోటివాళ్ళంతా కుర్చీల్లో స్థిరపడ్డారు. నేనూ కుర్చీలోనే స్థిరపడ్డాను కానీ నా కుర్చీ కింద చక్రాలున్నాయి. జీవితమంతా లారీ తోలాను. చదివింది ఎక్కడ పనికొచ్చిందని అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. వెలుగు వచ్చి అద్దం మీద పడుతుంది, తిరిగి నా కంట్లో పడుతుంది. మధ్యలో ఎవరూ లేరు. కెమెరా అలా కాదు. అది తను చూసి, తర్వాత నాకు చెబుతుంది. చెప్పేవాళ్ళు మధ్యలో ఉన్న ప్రతి వ్యవహారంలోనూ నేను కాస్త ఆగి ఆలోచిస్తాను. నా పెళ్ళి సంబంధం విషయంలో ఆగలేదు, అది వేరే కథ.

అలాగని కెమెరా దండగ అనను. ఒకసారి మా పక్కింటి పిల్లి వెనక టైరు దగ్గర ముడుచుకుని పడుకుంది. రెండు అద్దాల్లోనూ నాకది కనబడలేదు. కెమెరాకు కనబడింది. ఆ రోజు నోరు మూసుకున్నాను. మా అల్లుడు మాత్రం మూసుకోలేదు, నెల రోజులు ఆ పిల్లి కథే చెప్పాడు.

ఇక ఆ సాయంత్రం సంగతి.

మా అమ్మాయికి తొమ్మిదో నెల అప్పుడే వచ్చింది. డాక్టరమ్మ చెప్పిన తేదీ ఇంకా చాలా దూరం. టీ తాగి కప్పు కింద పెడుతూ అమ్మాయి నడుం పట్టుకుని గోడకు ఆనుకుంది. ఫోను చేస్తే డాక్టరమ్మ గొంతు మారిపోయింది. "బిడ్డ కాళ్ళ వైపు ఉంది. ఇంట్లో ఒక్క నిమిషం కూడా ఉంచకండి, ఆపరేషన్ చేయాలి. వెంటనే తీసుకురండి."

ఆసుపత్రి నదికి అవతల. వంతెన మీదుగా వెళ్తే పెద్ద చుట్టు. రేవులో బండ్లను దాటించే బల్లకట్టు దొరికితే టీ చల్లారేలోపు అవతలి ఒడ్డు. మా అల్లుడు బండిని రేవు వైపు తిప్పాడు. నేనైనా అదే చేసేవాణ్ణి.

మా రేవులో ఒక పద్ధతి ఉంది. బల్లకట్టుకు తలుపు ఒకవైపే. అందుకని బండి వెనక్కి వెనక్కి ఎక్కాలి, అవతల ఒడ్డున ముందుకు దిగాలి. రాళ్ళు పరిచిన వాలు మీద నీళ్ళ వైపు వీపు పెట్టి దిగుతూ పోవాలి. కట్టు మీద ఒక మనిషి నిలబడి చెయ్యి ఊపుతూ "రానీ... రానీ..." అంటుంటాడు. డ్రైవరుకు ఆ చెయ్యే లోకం. రమ్మంటే రావాలి, అరచెయ్యి చూపిస్తే ఆగాలి. ఎంత పెద్ద డ్రైవరైనా అక్కడ సొంత తెలివి వాడడు. నేనూ వాడింది లేదు.

రేవు చేరేసరికి మంచు దిగింది. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. వెలుగుందని చెప్పలేం, లేదని చెప్పలేం. టికెట్ల గది కిటికీ మూసి ఉంది. వేరే బండి ఒక్కటీ లేదు. కానీ నీళ్ళ వైపు నుంచి గొలుసు రాళ్ళ మీద ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. దాని వెనక ఇంజను గుడగుడ. తడిసిన తాళ్ళ వాసన, కాలిన డీజిలు వాసన.

"హమ్మయ్య, ఉంది" అన్నాడు మా అల్లుడు. బండి తిప్పి రివర్సు వేశాడు.

తెర వెలిగింది.

"అదిగో మామయ్యా. మనిషి కూడా ఉన్నాడు."

చూశాను. బూడిద రంగు బొమ్మ. చెక్కల నేల, రెండు పక్కలా కమ్మీలు, మధ్యలో ఒక మనిషి. మొహం తెలియడం లేదు. కుడి చెయ్యి పైకెత్తి నాలుగు వేళ్ళూ ముడుస్తూ తెరుస్తూ పిలుస్తున్నాడు. బండి కదిలింది. వాలు మీద నెమ్మదిగా దిగుతోంది.

అలవాటు కొద్దీ నా అద్దంలోకి చూశాను.

మంచు. దాని కింద నల్లగా ఏదో. అంతే.

"ఆగు."

"ఏమైంది?"

"అద్దంలో కట్టు లేదు."

"మంచు మామయ్యా. కెమెరా కిందుంటుంది, కింద మంచు పలచగా ఉంటుంది. పిల్లి గుర్తుందా?"

సరైన మాటే. ఒప్పుకునేవాణ్ణి కూడా. కానీ మళ్ళీ తెర వైపు చూస్తే ఒకటి తోచింది. చెయ్యి ఊపేవాడు ఎక్కడైనా బండి టైర్లను చూస్తాడు. అటు ఒకసారి, ఇటు ఒకసారి. ఈ మనిషి తల అటూ ఇటూ కదలడం లేదు. తిన్నగా మమ్మల్నే చూస్తున్నాడు.

వెనక సీట్లో మా అమ్మాయి పళ్ళు బిగించి మూలిగింది. "నాన్నా... మీ అద్దాల గొడవ తర్వాత. పోనివ్వండి."

"విన్నారా?" అన్నాడు అల్లుడు. బ్రేకు మీంచి కాలు తీశాడు.

చెయ్యిబ్రేకు లాగేశాను. పెళ్ళయిన నాటి నుంచి అతని మీద గొంతు పెంచింది లేదు. "నేను దిగి చూసొస్తాను. నేను చెప్పేదాకా బండి కదలకూడదు. తర్వాత నువ్వు నాతో జన్మంతా మాట్లాడకపోయినా సరే."

దిగాను. తలుపు వేసేటప్పుడు మా అమ్మాయి మొహం చూశాను. నేను ఆపిన ప్రతి క్షణం ఆమె కడుపు మీద పడుతోందని నాకు తెలుసు. నాదే పొరపాటైతే... ఆ ఆలోచన అక్కడే తుంచేశాను.

బండి ఒంటి మీద చెయ్యి ఆనించి వెనక్కి నడిచాను. రాళ్ళు నాచు పట్టి జారుతున్నాయి. వెనక దీపాల వెలుగు మంచు మీద పడి ఎర్రగా ఉంది. రెండడుగులు వేసేసరికి ఇంజను చప్పుడు ఆగిపోయింది. దూరమైనట్టు కాదు, ఎవరో నోరు మూసినట్టు.

ఇంకో అడుగు.

పాదం నీళ్ళలో పడింది.

కట్టు లేదు. చెక్కలు లేవు, కమ్మీలు లేవు. బండికీ నీళ్ళకీ మధ్య నేనొక్కణ్ణి పట్టేంత చోటుంది.

గబుక్కున బండి వైపు తిరిగాను. వీపు నదికి ఉంది. అల్లుడు కిటికీ అద్దం దించిన చప్పుడు.

"మామయ్యా..." గుసగుసగా అన్నాడు. "కాస్త పక్కకు జరగండి. మీరు అడ్డం ఉన్నారు. ఆయన మీ వెనకే నిలబడి పిలుస్తున్నాడు."

మెడ మీద చల్లటి గాలి తగిలింది. నది గాలి అలా ఒక్కచోటే తగలదు. తడి తాళ్ళ వాసన చెవి దగ్గరికి వచ్చింది.

"రానీ..."

తిరిగి చూడలేదు. చూడాలనిపించింది, చూడలేదు.

"రాడు" అన్నాను.

"రానీ..."

"రాడన్నానుగా. ఇది నీ సరుకు కాదు. అందులో మా అమ్మాయి ఉంది. నీకు కట్టు లేదు, కాళ్ళ కింద నేల లేదు. ఎవడివిరా నువ్వు మా బండిని పిలవడానికి?"

నీళ్ళు రాళ్ళను నాకుతున్న చప్పుడు.

తర్వాత చెవి పక్కనే గట్టిగా, స్పష్టంగా వినిపించింది.

"రానీ అల్లుడూ. దారి బాగుంది. రానీ, రానీ."

అది నా గొంతు.

నేను నోరు తెరవలేదు. అది నా గొంతే. ఆ చివర సాగదీయడంతో సహా. చెయ్యిబ్రేకు దించిన చప్పుడు వినిపించింది.

బండి కదిలింది.

వెనక బంపరు నా మోకాళ్ళకు తగిలింది. పాదాలు నాచు మీద వెనక్కి జారాయి. నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి. పక్కకు దూకితే నేను బతుకుతాను. రెండు చేతులూ బండికి ఆనించి, ఒళ్ళంతా పెట్టి తోశాను. ఆ తర్వాత కుడి చేత్తో రేకు మీద ఒక్క దెబ్బ కొట్టాను. ఒక్క దెబ్బంటే ఆగు. బండ్ల పనిలో ఉన్న ఎవడికైనా తెలుసు.

ఆగింది.

"తెర చూడకు" అని అరిచాను. "నీ వైపు అద్దం చూడు. ఏం కనబడుతోంది?"

అతని తల అద్దం వైపు తిరిగింది. తర్వాత అన్నాడు, చిన్నపిల్లాడి గొంతుతో. "మీరు... మీరొక్కరే. వెనకంతా నీళ్ళు."

"ముందుకు పోనీ."

బండి వాలు ఎక్కుతుంటే దాని వెనకే నడిచాను, చెయ్యి తీయకుండా. పైకి వచ్చేదాకా ఎక్కలేదు. వీపు వెనక ఎవరో నాతోపాటు అడుగులు వేస్తున్నట్టే ఉంది. వేయనీ అనుకున్నాను.

వంతెన మీదుగా మా అల్లుడు ఎలా తోలాడో అతనికే తెలియదు. ఆసుపత్రిలో మా అమ్మాయిని నేరుగా లోపలికి తీసుకుపోయారు. మనవరాలు పుట్టింది. మొదట ఏడవలేదు. తర్వాత ఎంత ఏడ్చిందంటే, నర్సమ్మ కళ్ళు తుడుచుకుంటున్న నన్ను చూపించి "ఈయన పోలికే" అంది.

మర్నాడు రేవుకు పోయాను. మేం వాలు దిగిన సంగతి చెప్పగానే టికెట్ల గది మనిషి నా మీద విరుచుకుపడ్డాడు. బల్లకట్టు ఇంజను విప్పేసి ముందురోజు పొద్దున్నుంచీ అవతలి ఒడ్డునే ఉందట. బండ్లు దిగకుండా వాలుకు అడ్డంగా గొలుసు కట్టి, తాళం వేసి ఇంటికి పోయాడట. "గొలుసు తీసింది మీరేనా? తీస్తే తీశారు, తాళం ఎలా తీశారు?" అన్నాడు. గొలుసు ఒక పక్కన చక్కగా చుట్ట చుట్టి ఉంది.

అల్లుడు ఆ వారమే కెమెరా, తెర రెండూ పీకించేశాడు. తెర ఉన్నచోట నల్లటి చిల్లు మిగిలింది. నేను వద్దన్నాను, పిల్లుల సంగతేమిటని. వినలేదు. ఇప్పుడు బండి వెనక్కి తీసినప్పుడల్లా వెనక నేను నిలబడతాను. మా వియ్యపురాలు, "అన్నయ్యగారూ, ఈ వయసులో బండి వెనక ఎందుకు? ఏదో పూజ చేయిద్దాం" అంటుంది. "చేయించండి. నేను మాత్రం ఇక్కడే ఉంటాను" అంటాను. పిలిచేవాడు పిలుచుకోనీ. వాడికీ మా వాళ్ళకీ మధ్య అడ్డంగా నేనుంటాను. వాడికి అంత పట్టుదల ఉంటే నాకూ ఉంది.

మొన్న ఉదయం పాపకు టీకా వేయించడానికి బయలుదేరారు. మంచి ఎండ. కాలవ గట్టు పక్కన ఆపిన కారును అల్లుడు వెనక్కి తీస్తున్నాడు. వెనక నేను నిలబడ్డాను, ఒక చేతిలో పాప బట్టల సంచి, ఇంకో చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కు. కారు రోడ్డు వైపు రావలసింది, కాలవ వైపు తిరిగింది.

మోకాలితో రేకును గట్టిగా పొడిచాను. ఆగింది.

"అటెక్కడికి అబ్బాయీ?"

కిటికీలోంచి తల బయట పెట్టాడు. ఏమీ ఎరగని మొహం.

"మీరేగా మామయ్యా, ఇటు రమ్మని చెయ్యి ఊపుతున్నారు. అద్దంలో చూసే వస్తున్నాను."