ఎడమ పక్క సీటు

పొద్దున్నే కాఫీ తాగి, దేవుడికి దణ్ణం పెట్టుకుని వచ్చి, ఆమె కారు వెనక తలుపు తీసి కూర్చుంది.

మాస్టారు అద్దంలోంచి చూశారు. "మళ్ళీ వెనకాలేనా? నేనేమన్నా టాక్సీ డ్రైవర్నా?"

"ముందు కూర్చుని చేసేదేముంది?" అంది భార్య.

ఊళ్ళో సగం మందికి డ్రైవింగ్ నేర్పిన మనిషాయన. తన కారులో మాత్రం పక్కనున్న భార్య నోరు విప్పితే ఒంటికాలి మీద లేచేవారు. "ఏమండీ, ఎడమ వైపు బండి", "ఏమండీ, మెల్లగా" అని ఆమె ఏళ్ళ తరబడి చెప్పింది. "అబ్బబ్బ, నీ నస! స్టీరింగ్ నా చేతిలో ఉందా, నీ చేతిలో ఉందా?" అని ఆయన ఏళ్ళ తరబడి విసుక్కున్నారు.

ఈమధ్య కూతురు పట్టుబట్టి కొత్త కారు కొనిపించింది. పక్కన ఏదన్నా వస్తే అది కుయ్యిమంటుంది. ముందు బండి ఆగితే తనే బ్రేకు వేస్తుంది. "ఈ డబ్బా నాకు పాఠాలు చెప్పడమేంటి!" అన్న మాస్టారే, వారం తిరక్కుండా దాని మాటకు గంగిరెద్దులా తలాడించసాగారు. విసుగు లేదు, కసురు లేదు.

అది చూశాక ఆమె మనసు చివుక్కుమంది. తను చెప్పిన మాటే కదా అదీ చెప్పేది! ఇంట్లో ఆయన పేపరు ఆయనది, ఆమె వంటిల్లు ఆమెది. కారులో పక్కపక్కన కూర్చున్న ఆ కాసేపే ఆయనతో నాలుగు మాటలు. తిట్లే కావచ్చు, అవీ మాటలే కదా.

"ఇప్పుడు హాయిగా ఉంది కదమ్మా, నువ్వు కంగారు పడక్కర్లేదు" అంది కూతురు ఫోన్లో.

"అవును తల్లీ, నాకిక ఏ పనీ లేదు" అంది తను. ఆ మాటలో తడి కూతురికి వినబడలేదు.

వాన వెలిసిన ఆ పొద్దున రోడ్డంతా బురద. మలుపులో మాస్టారు బండి ఎడమకు తిప్పుతున్నారు. సైకిలు మీద ఒక నర్సు ఎడమ పక్కనుంచే వస్తోంది. వెనక సీట్లోంచి భార్య చూసింది. కారు కుయ్యిమనలేదు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. 'ఏదీ, దాన్నే చెప్పమను' అనుకుంది రెప్పపాటు.

సైకిలు పడింది.

దేవుడి దయ, మోచెయ్యి గీరుకుపోయిందంతే. కంగారుగా దిగిన ఇద్దర్నీ చూసి నర్సు లేచి దులుపుకుంది. "పెద్దాసుపత్రికే వెళ్తున్నాను లెండి. ఊరందరికీ కట్టే కట్టు నేను కట్టుకోలేనా? చూసి నడపండి పెద్దాయనా!" అని వెళ్ళిపోయింది.

ఇల్లు చేరి ఇద్దరూ దిగారు. కారు పక్క సెన్సరు మీద బురద పేరుకుని ఉంది. మాస్టారు వేలితో గీకి, "పనికిమాలిన యంత్రం!" అన్నారు.

ఆమె ఆగలేకపోయింది. "దాన్ననకండి. నేను చూశాను. చూసీ నోరు మూసుకున్నాను."

"చూశావా?"

"చూశాను. నేను చెబితే నస, అది చెబితే భద్రత! ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా నా మాటకి సరే అన్నారా? ఆ పిల్లకేమన్నా అయ్యుంటే దేవుడికి నేనేం జవాబు చెప్పేదాన్ని?"

కేకలేస్తారనుకుంది. ఆయన మెట్టు మీద కూలబడ్డారు.

"నాకు ఎడమ కన్ను సరిగ్గా ఆనడం లేదే. కొన్నేళ్ళయింది. నిన్ను కసిరేవాణ్ణే గానీ, నీ నోరు కదిలితే నా కాలు బ్రేకు మీదే ఉండేది. ఎప్పుడూ గమనించలేదూ?"

ఆమె గమనించలేదు. ఎప్పుడూ రోడ్డునే చూసింది.

"మరి చెప్పరేం?"

"డ్రైవింగ్ మాస్టారికి కన్ను కనబడదంటే జనం నవ్విపోరూ? ఈ కారొచ్చాక బతికిపోయాననుకున్నాను. నువ్వు వెనక్కి వెళ్ళిపోయాక తెలిసింది, ఆ పక్కంతా ఎంత ఖాళీయో."

ఆమె కళ్ళు తుడుచుకుని ఆయన పక్కనే కూర్చుంది. మాస్టారు కారు తాళాలు ఆమె ఒళ్ళో పెట్టారు.

"డాక్టరు సరేననేదాకా ఇవి నీ దగ్గరే ఉండనీ. పద, ఆ పెద్దాసుపత్రికే పోదాం. ఆ అమ్మాయికి క్షమాపణ కూడా చెప్పుకోవాలి, ఇద్దరం."

బస్సులో కిటికీ పక్క ఆమెను కూర్చోబెట్టి, "బయట ఏమేం ఉన్నాయో చెప్పు" అన్నారు. ఆమె చెప్పసాగింది. తడిసిన గోడలు, ఎవరిదో ఎర్ర గొడుగు, తాళం తీస్తున్న బట్టల కొట్టు. ఆయన ఊఁ కొడుతూ దారంతా విన్నారు.