కోయని మూల

దగ్గరికి రండర్రా. ఆ కంచాలు తర్వాత కడగొచ్చు, ఇలా నా మోకాలికి ఆనుకుని కూర్చోండి. ఇది నెత్తుటి కథ. దూరం నుంచి వింటే నెత్తురే కనబడుతుంది, కథ కనబడదు.

రమోనా లూనా తలుపు బాదిన వేళకి సముద్రాల అవతల సాంతియాగో అనే ఊరంతా మధ్యాహ్నపు నిద్రలో ఉంది. ఆ ఎండలో కుక్క కూడా నీడ వదలదు. ఎర్సీలియా తలుపు తీసేసరికి ఎదురుగా ఆ ముసలమ్మ చెంప చీలి ఉంది, నెత్తురు గౌను మెడ దాకా కారుతోంది.

“రాళ్ళేశారు తల్లీ! కిటికీలన్నీ పగలగొట్టారు. మా దమియాన్‌ని స్టేషన్లో చావగొడుతున్నారు. పొద్దున చూస్తే వాడికి ముందు పళ్ళు లేవు. చీకటిపడేలోగా ఒప్పుకోకపోతే జనం చేతికే వదిలేస్తామంటున్నారు. బౌదీలియో గారున్నారా?”

బౌదీలియో సయాగో ఒకప్పుడు పోలీసు. కొట్టకుండా ప్రశ్నలడగాలనేవాడు కాబట్టి అక్కడ ఇమడలేదు. బయటికొచ్చి సొంతంగా అపరాధ పరిశోధన మొదలుపెట్టాడు. ఎర్సీలియా ఆయన చనిపోయిన భార్యకు చెల్లెలు. ఆయనకు బండి నడపడం రాదు, ఈవిడకు తప్ప ఆయన చిరాకు భరించడం ఇంకెవరికీ రాదు. అలా ఇద్దరికీ జత కుదిరింది. బావకున్న బుర్ర ఈ రాష్ట్రంలో ఇంకొకరికి లేదని ఆవిడ నమ్మకం. ఆయన మొహం మీద మాత్రం ఏనాడూ అనలేదు.

“ఏడుపు తర్వాతమ్మా,” అంటూ ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. “చచ్చిందెవరు?”

“అబెలార్దో రువానో.”

ఆ పేరు తెలియనివాళ్ళు లేరు. ఊరి చివర కొత్తగా వేసిన కాలనీకి ఆయనే పెద్ద. కొత్త కాలనీలో వీధి ఎంత వెడల్పుండాలి, తారు ఎంత మందం పోయాలి, మురుగు ఎటు పారాలి అని మునిసిపాలిటీ నియమాలుంటాయి కదా. అవన్నీ కంఠతా పట్టి, చేతిలో టేపుతో తిరుగుతూ అందరి ప్రాణాలూ తోడేవాడు. నిన్న సాయంత్రం రమోనా ఇంటి పక్కవీధిలో, వీధి అంచుకు వేసే రాళ్ళ గుట్ట దగ్గర శవమై దొరికాడు. తల వెనక ఎముక చితికి లోపలికి పోయింది.

“మీవాడికీ ఆయనకీ ఏమిటి తగువు?”

“నా గోడే అయ్యా. మాది మూలమీద ఇల్లు. మలుపులో గోడ మూలను ఏటవాలుగా కోసి కట్టాలట, ఎదురొచ్చే బండి కనబడాలట. నేను చదరంగా కట్టేసుకున్నా. ఆ మూలలోనే నా కోళ్ళగూడుంది, ఎలా వదులుకోను? మొన్న ఆయనొచ్చి పగలగొట్టమన్నాడు. ‘మా అమ్మ గోడ మీద చెయ్యేస్తే నీ బుర్ర పగులుద్ది’ అని మావాడు వీధంతా వినేలా అరిచాడు. నోటి తీట, అంతే!”

“చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?”

“మునిసిపల్ ఇంజనీరు ఒర్తూబియా గారు. మావాణ్ణి పట్టుకెళ్ళాక వచ్చి, కళ్ళారా చూశానన్నాడట.” ఆవిడ గౌను అంచుతో చెంప నెత్తురు ఒత్తుకుంది. “ఇంజనీరు మాట ముందు నా మాట ఎవరు వింటారు?”

కాలనీలో ఎక్కడా తారు లేదు. ఉప్పు పూసిన తెల్లటి ధూళి వీధి నిండా మడమలోతు. ఎర్సీలియా మలుపు దగ్గర బండి ఆపి, దిగి వీధి దాటబోయింది. రమోనా గోడ చాటునుంచి మోటారు సైకిలొకటి బుల్లెట్టులా దూసుకొచ్చింది. వెనక్కి పడబోయి గోడ అంచు పట్టుకుంటే మోచేయి గీరుకుపోయింది.

“చూసి నడవ్వేం?” అన్నాడు బౌదీలియో.

“ఏం చూడమంటావు బావా, గోడనా? దీని అవతల ఏనుగున్నా తెలీదు.”

ఆయన ఆ గోడని కిందనుంచి పైదాకా చూశాడు. పక్కవీధిలో రాళ్ళ గుట్ట దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక రాయికి నెత్తురు ఎండి, వెంట్రుకలు అంటుకున్నాయి. కింద ధూళి మాత్రం పిండిలా తెల్లగా ఉంది. వీధికి ఆ చివర ఇళ్ళు లేవు, ముళ్ళపొదల మైదానమే.

రువానో ఇంట్లో శవపేటిక చుట్టూ కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. ఆయన భార్య ఇసోలీనా చక్రాల కుర్చీలో ఉంది. కిందటేడు ఆ మూల దగ్గరే మోటారు సైకిలు గుద్ది ఆవిడ తుంటి విరిగింది. అప్పట్నుంచే ఆయనకు ఆ నియమాల పిచ్చి.

“నిన్న భోంచేసి ఎక్కడికెళ్ళాడమ్మా?”

“చెప్పలేదయ్యా. టోపీ పెట్టుకుని వెళ్ళాడు. టోపీ పెట్టాడంటే ఆఫీసు పనే. వీధులు కొలవడానికైతే ఎండలో వట్టి తలతోనే పోయేవాడు, ఎంత తిట్టినా వినడు.” “ఆ టోపీ ఇంకా ఎవరూ తెచ్చివ్వలేదు.”

శవం కాళ్ళనుంచి విప్పిన చెప్పులు చూపించమన్నాడు బౌదీలియో. తిరగేసి ఎర్సీలియాకి అందించాడు. అడుగున నల్లగా, వేలికి అంటుకునేలా ఉంది. తర్వాత ఎర్సీలియా కాళ్ళకున్న చెప్పులకేసి చూశాడు. అవి సున్నం తొక్కినట్టున్నాయి.

ఇంజనీరు ఒర్తూబియా ఆఫీసు మునిసిపల్ యార్డులో. బయట తారు పీపాలు పొగలు కక్కుతున్నాయి, తారు కలిపే ఇనుపకడ్డీలు వాటికి ఆనించి ఉన్నాయి, ఎర్సీలియా అడుగేస్తే చెప్పు నేలకి అతుక్కుంటోంది. మనిషి నున్నగా గీసిన గడ్డంతో, అత్తరు వాసనతో కుర్చీలో వెనక్కి వాలాడు.

“ఇన్‌స్పెక్టర్ సెర్దాకి చెప్పిందే మీకూ చెబుతాను. పెద్దరోడ్డు మీద వస్తున్నాను. ఐసు కొట్టు దగ్గరున్నాను, మలుపింకా రాలేదు. మూల మీదుగా పక్కవీధిలోకి చూపు పోయింది. ఆ కుర్రాడు రాయెత్తి ముసలాయన తలమీద వేశాడు. భయమేసి బండి వెనక్కి తిప్పేశాను.”

“ఎందుకు చంపాడంటారు?”

“ఏదో గోడ తగాదా అని పోలీసులన్నారు. ఏ గోడో నాకేం తెలుసు?”

“ఆ కాలనీ మీకు బాగా తెలుసనుకుంటా?”

“అన్నీ నియమం ప్రకారం ఉన్నాయని సంతకం పెట్టి పాస్ చేసింది నేనే కదండీ. ప్రతి వీధీ దగ్గరుండి చూశాను.”

బౌదీలియో లేచి చేయి కలిపాడు. “పొద్దుగూకకముందే ఓసారి అక్కడికి రండి సార్. మీ నోటితో అందరిముందూ చెబితే ఆ ముసల్ది నోరు మూసుకుంటుంది.”

ఎర్సీలియాకి ఒళ్ళు మండింది. బండెక్కాక “అదేం మాట బావా?” అంది.

“ఎర లేకుండా చేప వస్తుందా? బండి పోనీ.”

ఎండ వాలుతుండగా ఐసు కొట్టు ముందు జనం గుమిగూడారు. కొందరి చేతుల్లో ఇంకా రాళ్ళున్నాయి. సెర్దా దమియాన్‌కి బేడీలేసి తెచ్చాడు. వాడి కళ్ళు వాచి మూసుకుపోయాయి, చొక్కా ముందంతా ఎండిన నెత్తురు. రమోనా వాడివైపు ఉరికితే పోలీసులు తోసేశారు. ఇసోలీనాని కుర్చీతో సహా మోసుకొచ్చారు.

“ఇంజనీరు గారూ, నిన్న మీరున్నచోట నిలబడండి,” అన్నాడు బౌదీలియో. “మా మరదలు రాళ్ళ గుట్ట దగ్గరుంది. ఆవిడ చేతిలో ఏముందో చెప్పండి.”

ఒర్తూబియా కొట్టు ముందు నిలబడ్డాడు. చూశాడు. పక్కకు జరిగాడు. మళ్ళీ చూశాడు. కళ్ళెదుట చదరపు గోడ, గోడ మీద ఒక కోడిపుంజు.

“ఏం సార్, కోడి తప్ప ఏమీ కనబడ్డం లేదా?” ఎవరో నవ్వారు.

“ఇది... ఈ మూల ఎవరో రాత్రికి రాత్రి కట్టేశారు!”

“కట్టేశారా!” సెర్దాయే అరిచాడు. “ఈ గోడ కోయనన్నందుకే కదయ్యా గొడవ! అందుకే కదా వీణ్ణి పట్టుకొచ్చింది!”

“అదీ సంగతి,” అన్నాడు బౌదీలియో. “కాగితం మీద ఈ మూల కోసి ఉంది. ఈయన కాగితమే చూశాడు. తారు డబ్బు మింగి, ఒక్కనాడూ ఇక్కడ కాలు పెట్టకుండా కాలనీ పాస్ చేశాడు. రువానో టోపీ పెట్టుకుని అడగడానికి వెళ్ళింది ఈయన యార్డుకే. ఆయన చెప్పులకి తారుంది. ఈ వీధుల్లో తారెక్కడిది? చచ్చింది ఇక్కడ కాదు కాబట్టే రాయికి తప్ప నేలకి నెత్తురు లేదు. రాయికున్నది ఈయన పులిమిందే. బండిలో వేసుకుని, మైదానం వైపునుంచి తెచ్చి పడేశాడు. అందుకే ఈ మలుపు ఈయన కంటపడలేదు.” ఆయన ఇంజనీరుకేసి తిరిగాడు. “తారు సంగతి ఎత్తగానే ఇనుపకడ్డీ ఎత్తావు. మూల సంగతి చెప్పేదాకా ఆయన్ని బతకనిచ్చి ఉంటే ఇవాళ ఈ అబద్ధం ఆడేవాడివి కాదు.”

ఇసోలీనా నోటివెంట ఒక్క కేక వచ్చింది.

ఒర్తూబియా కానిస్టేబులు చేతిలో లాఠీ లాక్కున్నాడు. మొదటి దెబ్బకి బౌదీలియో భుజం ఎముక పుల్లలా విరిగిన చప్పుడు పక్కవీధిలో ఎర్సీలియాకి వినబడింది. ఆవిడ మలుపు వైపు పరుగెత్తింది, అటునుంచి ఇంజనీరూ పరుగెత్తాడు. ఆవిడ వెనకనుంచి వచ్చిన నీళ్ళ లారీ ఆవిణ్ణి దాటి మలుపులోకి పోయింది. గోడకు అవతల మనిషి ఉన్నాడని డ్రైవరుకు ఎలా తెలుస్తుంది?

బ్రేకుల కీచు. ఒర్తూబియా రెండు కాళ్ళూ చక్రాల కింద నలిగిపోయాయి. తెల్లటి ధూళి చుట్టూతా నల్లబడింది. రాళ్ళతో మీదపడబోయిన జనాన్ని ఎర్సీలియా అడ్డం నిలబడి బూతులు తిట్టి ఆపింది. ఇంజనీరు బతికాడు. రువానో టోపీ అతని పికప్ సీటు కింద దొరికింది, అంచుకు నెత్తురుతో. మిగతా బతుకంతా జైల్లోనే, కర్రల మీద.

మర్నాడు పొద్దున్నే బావకి కట్టు కట్టించి తీసుకొస్తూ ఎర్సీలియా ఆ మలుపు దగ్గర బండి ఆపింది. రమోనా చీర... కాదర్రా, మనలా చీరలెక్కడివి వాళ్ళకి, గౌను ఎగదోపి సమ్మెటతో తన గోడ తనే పగలగొడుతోంది. కోళ్ళు అరుచుకుంటూ వీధిన పడ్డాయి. వాచిన మూతితో దమియాన్ ఇటుకలు ఏరుతున్నాడు. ఎదురుగా చక్రాల కుర్చీలో ఇసోలీనా.

“ఇంకా కొయ్యాలి,” అంది ఇసోలీనా. “మా ఆయనైతే ఒప్పుకోడు.”

రమోనా చెమట తుడుచుకుంది. “అయితే ఆ టేపు తెచ్చుకో మరి. నువ్వే పట్టు.”

ఇసోలీనా ఒళ్ళో చేయి పెట్టింది. టేపు అక్కడే ఉంది.

ఇదర్రా కథ. మర్చిపోకండి. రేపు మీరు మూలమీద ఇల్లు కట్టుకున్ననాడు మీ పిల్లల్ని కూర్చోబెట్టుకుని చెప్పండి. బౌదీలియో పేరు మరిచినా ఫర్వాలేదు, అబెలార్దో పేరు మాత్రం వదలకండి.