కుటుంబయ్య బట్టతల

సోమవారం పొద్దున్న డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని మేబెల్ కాఫీలో రెండో చెంచా పంచదార వేస్తుంటే, ఏసురత్నం ఊపిరి బిగబట్టి చూశాడు. మూడోది కూడా వేస్తుందేమోనని అతని భయం. వెయ్యలేదు. కప్పు అతని ముందుకు జరిపి నవ్వింది.

"ఏంటండీ, పెళ్లిచూపులకొచ్చినట్టు అలా చూస్తున్నారు?"

"ఏం లేదు. కాఫీ బాగుంది," అన్నాడు, ఇంకా గుక్క తాగకుండానే.

ముప్పై ఏళ్లు రైల్వే ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఫైల్లో తప్పు ఎక్కడున్నా ఇట్టే పట్టేసేవాడుగానీ, మనసులోది దాచుకోవడం మాత్రం జన్మలో చేతకాలేదు. నిన్నటినుంచీ అతని ప్రాణం ప్రాణంలో లేదు.

పద్మారావు నగర్‌లోని ఆ ఇంట్లో ఆదివారమంటే చర్చి, ఆ తర్వాత 'మూడో వాటా'. ఎనభై ఎనిమిదిలో ప్రతి బుధవారం సాయంత్రం టీవీలో వచ్చిన హాస్య సీరియల్ అది. ఏసురత్నం వీసీఆర్ ముందు కాపలా కూర్చుని, ప్రకటనలు వచ్చినప్పుడల్లా పాజ్ నొక్కుతూ అన్ని భాగాలూ రికార్డు చేశాడు. అప్పట్నుంచీ పద్దెనిమిదేళ్లుగా, చర్చి నుంచి రాగానే ఒక భాగం పెట్టుకోవడం, తెరమీద వాళ్లకంటే ముందే డైలాగులు చెప్పి నవ్వుకోవడం వాళ్లింటి ఆచారం. కూతురు దేవకృప పెళ్లయి యాప్రాల్‌లో కాపురం పెట్టినా ఆదివారం మాత్రం మానలేదు. క్యాసెట్లకి బూజు పడుతోందని ఈమధ్యే రెజిమెంటల్ బజార్‌లో సీడీలు చేయించాడు. "పరేషాన్ గాకు సార్, ఇంకో ఇరవై ఏండ్లు మీ మూడో వాటా ఖాళీ గాదు," అన్నాడు షాపాయన.

నిన్న ఆ సీడీల్లో ఒకటి పెట్టారు. మోకాలి ఆపరేషనయ్యాక మేబెల్‌ని ఎక్కువసేపు నిలబడొద్దన్నారు డాక్టర్లు. అందుకని దేవకృపే భోజనం క్యారియర్‌లో తెచ్చింది. మేబెల్ సోఫాలో వాళ్లిద్దరి మధ్యా కాళ్లు చాపుకుని కూర్చుంది. తెరమీద ఇంటి ఓనరు కుటుంబయ్య, భార్య పుట్టింటికెళ్లిన వేళ, అద్దెకున్నవాళ్ల గొడవకి నోట మాట రాక, బట్టతల మీద తడిగుడ్డ వేసుకుని కూర్చున్నాడు. తండ్రీకూతుళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. మేబెల్ కూడా నవ్వి, అడిగింది.

"అవునూ, ఈ బట్టతలాయన ఎవరు? కుటుంబయ్య ఇంకా రాలేదేం?"

అమ్మ జోకేసిందనుకుని దేవకృప ఇంకా పగలబడి నవ్వింది. ఏసురత్నం మాత్రం నవ్వడం ఆపి భార్యవైపు తిరిగాడు.

అత్తగారు ప్రేమమణికి కూడా సరిగ్గా ఇలాగే మొదలైంది. ఒకరోజు పెళ్లి ఫోటోలో అల్లుణ్ని చూపించి, "ఈ అబ్బాయెవరే?" అంది. ఏడాది తిరిగేసరికి కన్నకూతుర్నే పట్టుకుని, "సిస్టర్, మా మేబెల్ ఎప్పుడొస్తుంది?" అని అడిగేది. "వచ్చేస్తుందమ్మా" అని చెప్పి, మేబెల్ బాత్రూంలోకెళ్లి ఏడ్చుకునేది. రేపు మేబెల్ తనని కూడా అలాగే "ఎవరండీ మీరు?" అంటే?

ఆ వారమంతా దొంగ పరీక్షలు పెట్టాడు. గ్యాస్ బుక్ ఎక్కడుందన్నాడు. దేవకృపకి బాప్తిస్మమిచ్చిన అయ్యగారి పేరేంటన్నాడు. "తొంభై ఒకటో కీర్తన మధ్యలో మర్చిపోయాను, కాస్త చెప్పవూ," అన్నాడు. సండే స్కూల్లో పాతికేళ్లు పిల్లలచేత వాక్యాలు అప్పజెప్పించుకున్న మేబెల్ కళ్లు మూసుకుని పదహారు వచనాలూ గడగడా చెప్పేసింది. ఏసురత్నానికి ప్రాణం లేచొచ్చింది. ఆ ధైర్యంతో గురువారం ఇంకొకటి అడిగాడు.

"కుటుంబయ్య భార్య ఎప్పుడూ ఒకే రంగు చీర కడుతుంది కదా, ఏ రంగు?"

ఉల్లిపాయ తరుగుతున్న మేబెల్ చెయ్యి ఆగిపోయింది. చాలాసేపు ఆలోచించింది. "ఎరుపా... ఏమో, తెలీదండీ," అంది చివరికి, మెల్లగా. అప్పుడు ఆమె కళ్లలో కూడా భయం కనిపించింది. ఏసురత్నం ఆగలేక కూతురికి ఫోన్ చేశాడు.

ఆదివారం వచ్చింది. సీడీ తిరుగుతోందిగానీ ఎవరూ నవ్వడంలేదు.

"మమ్మీ, రేపు నాలుగింటికి డాక్టర్ దగ్గరికెళ్దాం," అంది దేవకృప.

"మోకాలు బాగానే ఉందిగా?"

"మోకాలికి కాదు మమ్మీ. అమ్మమ్మకి చూపించాం చూడు, అలాంటి డాక్టరు."

మేబెల్ మొహం తెల్లబోయింది. భర్తవైపు తిరిగింది.

"అయితే వారం రోజులుగా నన్ను పరీక్షిస్తున్నారన్నమాట. కీర్తన అడిగితే మీకు భక్తి పెరిగిందనుకున్నాను."

"భయమేసింది మేబెల్..."

"మీకేనా భయం? చీర రంగు అడిగినప్పట్నుంచీ నాకు అన్నం సహించట్లేదు. పొద్దున లేవగానే మీ పేరు, దీని పేరు, మా అమ్మ పేరు వరసగా చెప్పుకుని చూసుకుంటున్నాను. పద్దెనిమిదేళ్లు చూసిన మనిషి మొహం గుర్తులేకపోవడమేంటండీ?"

చేతికర్ర పట్టుకుని, పిలుస్తున్నా వినకుండా వంటింట్లోకెళ్లిపోయింది. దేవకృప కళ్లు తుడుచుకుంది. ఏసురత్నం తల పట్టుకుని కూర్చున్నాడు. తెరమీద కుటుంబయ్య నోరు తెరవబోయాడు.

"సరే, ఇల్లు మీదే! ఓ మూల చూసి నన్ను అద్దెకి పెట్టుకోండి!"

ఆ మాట ముందు వంటింట్లోంచి వచ్చింది. ఆ తర్వాతే కుటుంబయ్య అన్నాడు. అదే విరుపు, అదే ఉక్రోషం.

తండ్రీకూతుళ్లు మొహమొహాలు చూసుకున్నారు. "ఇప్పుడు తలుపు కిర్రుమంటుంది," అంది మేబెల్ గొంతు. కిర్రుమంది. "వాళ్లావిడ చెంబు పడేస్తుంది." చెంబు ఖంగుమంది.

ఇద్దరూ పరుగెత్తారు. మేబెల్ వెలిగించని స్టవ్ ముందు నిలబడి ఉంది. చెంపలమీద కన్నీళ్లు అలాగే ఉన్నాయి.

"ఏవండీ, ఇక్కడ నిలబడితే అన్నీ వచ్చేస్తున్నాయండీ!"

ఏసురత్నం ఆమె పక్కకెళ్లి నిలబడి ఎదురుగా చూశాడు. మసిబారిన గోడ, చిన్న కిటికీ. ఎంత మెడ తిప్పినా టీవీ అంచు కూడా కనబడలేదు.

"మేబెల్, నువ్వసలు ఈ సీరియల్ ఎప్పుడైనా చూశావా?"

ఆమె ఆలోచనలో పడింది. "బుధవారాలు ఇళ్లల్లో ప్రార్థన కూడికలుండేవి. ఆదివారం మీకు కోడికూర పడాల్సిందే. చూడ్డమంటే... విన్నానండీ. అందరం చూశాం చూశాం అంటుంటే, నేనూ చూశాననే అనుకున్నాను." కాస్త సిగ్గుపడింది. "కుటుంబయ్యకి ఒత్తుగా జుట్టు, మీసాలూ ఉంటాయనుకున్నాను. గొంతు అలా ఉంటుంది కదా!"

దేవకృప తల్లిని చుట్టేసుకుని, ఏడుస్తూనే నవ్వింది. "మేమెప్పుడూ పిలవనే లేదా మమ్మీ?"

"ఎందుకు పిలవలేదూ! మీ డాడీ ప్రతిసారీ కేకేసేవారు, త్వరగా రా, మంచి సీను అని. వస్తున్నా అనేదాన్ని."

ఏసురత్నానికి గుండెలమీంచి బరువు దిగినట్టే దిగి, దాని చోట సిగ్గు వచ్చి కూర్చుంది. ఆ 'వస్తున్నా' అనే మాట తన చెవులతోనే పద్దెనిమిదేళ్లు విన్నాడు. ఒక్క ఆదివారం కూడా లేచి, ఎందుకు రాలేదని చూడలేదు. భార్య చెయ్యి పట్టుకుని సోఫాదాకా నడిపించాడు. మొదటి భాగం మొదటినుంచీ పెట్టి, క్యారియర్‌లోని కూర తనే వేడిచేస్తానని వంటింట్లోకొచ్చాడు.

హాల్లో నవ్వులు మొదలయ్యాయి. "పసుపుపచ్చ చీరా! నేను ఎరుపనుకున్నానే!" అంటోంది మేబెల్. ఆ వెంటనే కేకేసింది.

"ఏవండీ, త్వరగా రండి, మంచి సీను!"

"వస్తున్నా," అన్నాడు ఏసురత్నం గరిటె తిప్పుతూ.

అన్నాక, తనేమన్నాడో తనకే వినిపించింది. కూర ఇంకా వేడెక్కనే లేదు. స్టవ్ ఆపేసి, చేతిలో గరిటెతోనే హాల్లోకి పరుగెత్తాడు.