వాల్వు మీద చెయ్యి

విమానంలో ఫ్యూయల్ షటాఫ్ వాల్వును తనిఖీ చేయడం చట్టరీత్యా తప్పనిసరి. తనిఖీ చేసేవాడి ప్రాణాన్ని కాపాడటం ఎవరికి తప్పనిసరి? ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆత్మకూరు దాటాక పత్తి చేల నడుమ ఉన్న ఎయిర్‌స్ట్రిప్‌లో, ఇన్‌స్పెక్టర్ విజేందర్ ఆ తనిఖీ మొదలుపెట్టిన రోజే హతుడయ్యాడు. బోల్టులు కదలకుండా చుట్టే ఉక్కు తీగ అతడి గొంతులో ఎముక దాకా దిగింది.

అతడి స్థానంలో, ఇన్‌స్పెక్టర్ వేషంలో నిఘా బ్యూరో ఏజెంట్ జబీన్ వచ్చింది. చీఫ్ జాషువా బ్రీఫింగ్ క్లుప్తంగా ముగిసింది. ఒక విదేశీ ముఠా నకిలీ వాల్వులు చొప్పించింది. ఇంజన్‌కు నిప్పంటుకున్నప్పుడు స్విచ్ వేసినా అవి మూసుకోవు, ఇంధనాన్ని ఆపవు. మన దేశంలో తయారైన విమానం లోకం కళ్లముందు కాలిపోతే తమ విమానాలు అమ్ముకోవచ్చన్నది వారి ఎత్తు. జబీన్ వచ్చిన ఆ ఉదయమే నల్లమల మీద కార్చిచ్చు గస్తీకి ఎగరవలసిన పైలట్ పేరు నిరోష. విజేందర్ కూతురు.

గేటు దగ్గర మేనేజర్ నాగరాణి ఎదురొచ్చింది. నల్ల కళ్లద్దాలు, గద్వాల చీర, వేలికి వేలాడే కారు తాళం. బ్యూరోకు రహస్యంగా సమాచారం చేరవేసేది ఆమే.

"సీతాఫలాలు వచ్చినయా?" జబీన్ కోడ్ అడిగింది.

"ఇంక పండలే మేడమ్."

కోడ్ సరిపోయింది.

కాక్‌పిట్‌లో నిరోష షటాఫ్ స్విచ్ వేసింది. వాల్వు తెరిచి ఉందని చెప్పే లైటు ఆరింది. అక్కడ తనిఖీ అంటే అంతే: లైటు ఆరితే సంతకం. జబీన్ మాత్రం ఎడమ రెక్క మొదట్లో ప్యానెల్ విప్పి, లోపలికి చెయ్యి పెట్టి, మళ్లీ స్విచ్ వేయమంది. లైటు ఆరింది. వేళ్ల కింద వాల్వు లీవర్ కదలలేదు.

"లైట్ ఆరింది గద మేడమ్. ఇంకేం జూస్తరు?" అంటూ నాగరాణి బొటనవేలెత్తి పైలట్‌కు సైగ చేసింది. ఇంజన్లు గర్జించాయి. ఆమె జబీన్ చెవి దగ్గరికి వంగింది. "విజేందర్ సార్ గూడ గిట్లనే చెయ్యి పెట్టిండు."

ఉక్కు తీగ జబీన్ మెడకు బిగిసింది. చర్మం తెగి, రక్తం కాలర్‌లోకి జారింది. జబీన్ మడమతో వెనక్కి తన్నింది. నాగరాణి మోకాలి చిప్ప పగిలింది. తిరిగి స్పానర్‌తో కొట్టింది, దవడ విరిగింది. కూలుతూనే నాగరాణి కారు తాళం మీది బటన్ నొక్కింది.

ఆ సంకేతానికి ఎడమ ఇంజన్ భగ్గుమంది. నిరోష షటాఫ్ స్విచ్ వేసింది. లైటు విధేయంగా ఆరింది, మంట ఆరలేదు. ఆమె దిగాల్సిన తలుపు మంటల అవతల ఉంది. ఆమె తల మీద, రెక్కలో, నిండు ట్యాంకు.

జబీన్ మంటలోకి చెయ్యి దూర్చి లీవర్ పట్టుకుంది. అరచేతి తోలు లోహానికి అతుక్కుపోయింది. తిప్పింది. మంట ట్యాంకును అందుకోబోయే క్షణంలో ఇంధనం ఆగి, మంట చల్లారింది.

నిరోష దగ్గుతూ దిగి, ఆ చేతిని చూసింది. "మా బాపు గూడ ముట్టి జూడనిది నమ్మకపోతుండె, అక్కా."

జాషువా ఫోన్‌లో రిపోర్టు అడిగాడు.

"లైట్ మాత్రం మంచిగ పనిచేస్తాంది, సార్."

ఈసారి విమానం ఎక్కినప్పుడు మీరు అడగండి: ఈ వాల్వు మీద చెయ్యి వేసి చూసిందెవరు? పేరు చెప్పేదాకా బెల్టు పెట్టుకోకండి.