మిషన్ సొరుగులో మాత్రలు

"అత్తయ్యా, మీ అమ్మాయికి మూడ్ ఆఫ్! రెండు రోజులు మీ దగ్గరుంటే రీచార్జ్ అయిపోతుంది!" అన్నాడు అల్లుడు, గుమ్మంలో బ్యాగు దించుతూ. నవ్వుతూనే అన్నాడు. కూతురు నవ్వలేదు. ఐదో నెలలో కడుపు పోయి ఇంకా నెల తిరగలేదు. అతను డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆమె లోపలికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. ఏమైందే అంటే "ఏం లేదమ్మా, డల్‌గా ఉంది" అంది. తినవే అంటే "మూడ్ లేదు" అంది.

తల్లికి విసుగొచ్చింది. కర్టెన్ల కొట్టుకు సాయంత్రానికి ఇవ్వాల్సిన గుడ్డ మిషన్ మీద ఉంది. నడుము పొద్దున్నే పట్టేసింది. అంచు మడిచి కుడుతూనే అంది:

"మా కాలంలో మూడూ లేదు, గీడూ లేదు! పక్కింటి పిల్లకు ఫోన్ పగిలితే మూడ్ ఆఫ్. మీ అన్నకు మ్యాచ్ పోతే మూడ్ ఆఫ్. ఇప్పుడు నీకూనా? అందరికీ ఒకటే జబ్బా?"

"అవునమ్మా... అందరికీ ఒకటే" అంది కూతురు, గోడతో చెప్పినట్టు.

దారం అయిపోయింది. "లేచి ఆ సొరుగులోంచి బాబిన్ అందుకో. ఎంతసేపని పడుకుంటావు?" అంది తల్లి. కూతురు లేచి సొరుగు లాగింది. చేయి పెట్టి ఆగిపోయింది. బాబిన్ల వెనక మాత్రల అట్టలు. ఒక్కటీ చింపలేదు. కొన్నింటి మీద అక్షరాలు చెరిగిపోయాయి.

"అమ్మా! ఇవి నాన్న నీ తలనొప్పికి తెచ్చేవి కదూ? 'మీ అమ్మకు తలకాయ కంటే నొప్పే పెద్దది' అని మమ్మల్ని నవ్వించేవాడు... ఒక్కటీ వేసుకోలేదా?"

"తల నొప్పెడితే కదే వేసుకోవడానికి!"

అనేసింది. అన్నాక మిషన్ తొక్కలేకపోయింది.

"మీ అన్నకూ నీకూ మధ్య ఒకడు పుట్టాడే... పుట్టి ఏడవలేదు. ఇంటినిండా చుట్టాలు. ఎందుకలా ఉన్నావని మీ నాయనమ్మ అడిగింది. ఏం చెప్పను? తలనొప్పి అన్నాను. మీ నాన్న పరిగెత్తి మాత్ర తెచ్చాడు. మంచివాడే పాపం! అప్పట్నుంచి ఏడుపొస్తే తలనొప్పే. మాత్ర చేతిలో పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళేవాడు. ఆ కాసేపే నాది..."

కూతురు నేల మీద కూలబడి తల్లి ఒడిలో తల పెట్టింది.

"ఆడపిల్లమ్మా! వేళ్ళు కూడా వచ్చాయి... నర్సు చూపించింది. ఆయన చూడలేదు, బయటే నిలబడ్డాడు..." అంటూ బావురుమంది. తల్లి ఆపలేదు, ఊరుకోమనలేదు. చేతికి దొరికిన గుడ్డతో మొహం తుడిచింది. అది కొట్టువాళ్ళ కర్టెన్ అని ఆ తర్వాత చూసుకుంది.

సాయంత్రం అల్లుడు ఫోన్ చేశాడు.

"అత్తయ్యా, ఇంకా మూడ్ ఆఫేనా?"

"మూడ్ కాదు నాయనా. దాని బిడ్డ పోయింది. నీ బిడ్డా పోయింది."

అవతలి గొంతు అతనిది కానట్టుగా వినిపించింది.

"నాకు... పొద్దుట్నుంచీ తలనొప్పిగా ఉందత్తయ్యా..."

ఆమె సొరుగు వంక చూసింది. చేత్తో మూసేసింది.

"వచ్చెయ్ నాయనా" అంది. "దారిలో మాత్ర కొనకు."